మొక్క వాడింది దాహంతోనా, ఊపిరాడకా? కుండీలో నీళ్లు, ఎరువుల లెక్క

మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడేసిన మొక్కను చూస్తే చేయి ముందుగా మగ్గు మీదకే పోతుంది. సాయంత్రానికి కూడా తేరుకోకపోతే ఇంకో మగ్గు. నాలుగు రోజులు ఇలా గడిచాక కింది ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు తెలిసినవాళ్లను అడుగుతాం. ఒకరు నత్రజని తక్కువైందంటారు, ఒకరు నీళ్లు ఎక్కువయ్యాయంటారు, ఇంకొకరు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉన్న ఉప్పు) వేసి చూడమంటారు. టెన్షన్‌లో మూడూ ఒకే వారంలో చేసేస్తాం. ఆ తర్వాత మొక్కకు అసలు ఏం జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఏదో ఒక మొక్క విషయంలో ప్రతి మాటా నిజమే. చిక్కల్లా నీళ్లను ఒక విషయంగా, ఎరువును ఇంకో విషయంగా చూడటంలో ఉంది. కుండీలో ఈ రెండూ ఒకే కథ. ఎరువు వేరులోకి వెళ్లాలంటే నీళ్లలో కరగాలి. వేరు ఆ నీళ్లు తాగాలంటే దానికి గాలి ఆడాలి. అందుకని గాలి దగ్గరే మొదలుపెడదాం.

## వేరు కూడా ఊపిరి పీలుస్తుంది

మట్టి గట్టిగా కనిపిస్తుంది కానీ అందులో సగం దాకా ఖాళీయే. రేణువుల మధ్య పెద్ద సందులుంటాయి, చిన్న సందులుంటాయి. నీళ్లు పోయగానే రెండూ నిండుతాయి. కాసేపటికి పెద్ద సందుల్లోని నీళ్లు కిందికి జారిపోయి ఆ చోటులోకి గాలి వస్తుంది. చిన్న సందుల్లోని నీళ్లు రేణువులను పట్టుకుని నిలిచిపోతాయి. జారాల్సింది జారిపోయి, నిలవాల్సింది నిలిచిన ఈ స్థితిలో మట్టి ఎంత నీటిని పట్టి ఉంచిందో దాన్ని నిలుపు సామర్థ్యం అంటారు. అక్కడి నుంచి మొక్క తాగుతూ పోతే ఒక దశలో మట్టిలో తేమ ఉన్నా వేరు దాన్ని లాగలేదు. మొక్క వాడిపోతుంది, రాత్రికి కూడా తేరుకోదు. దాన్ని శాశ్వతంగా వాడిపోయే స్థానం అంటారు. మొక్క బతుకంతా ఈ రెండు గీతల మధ్యే నడుస్తుంది.

మొదటి గీతకు పైన, అంటే పెద్ద సందులు కూడా రోజుల తరబడి నీళ్లతోనే నిండి ఉంటే ఏమవుతుంది? నీటిలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలో కన్నా దాదాపు పది వేల రెట్లు తక్కువ. వేరు ఆక్సిజన్‌తో శ్వాసించి శక్తి తయారుచేసుకుంటుంది. పోషకాలను లోపలికి లాగేది ఆ శక్తితోనే. ఊపిరాడని వేరు పోషకాలను తీసుకోలేదు, కొంతసేపటికి నీటిని కూడా సరిగ్గా తీసుకోలేదు. చుట్టూ నీళ్లున్నా ఆకులు వాడతాయి. నీరెక్కువైన మొక్క, నీరందని మొక్క చూడటానికి ఒకేలా ఉండటం వెనకున్న కారణం ఇదే.

మొదట్లో నేను ఒక టమాటా మొక్కను ఇలాగే పోగొట్టుకున్నాను. కుండీలోంచి బయటికి తీసి చూస్తే పై రెండంగుళాల మట్టి పొడిపొడిగా ఉంది. అడుగున మాత్రం ముద్దలా అతుక్కుపోయి, మురుగు వాసన వేస్తోంది. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపలి దారంలాంటి పోగు మిగిలింది. వేరుకుళ్లు అంటే అది. పైన ఎండిన మట్టిని చూసి నేను రోజూ నీళ్లు పోశాను. మొక్క కింద మునిగిపోయింది.

## కుండీ అంటే చిన్న పొలం కాదు

అదే మట్టి నేలలో ఉంటే నీరు కిందికి ఇంకుతుంది, కుండీలో పోస్తే నిలబడుతుంది. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఒక స్పాంజితో విషయం తేలిపోతుంది. పలకలా ఉండే స్పాంజిని నీళ్లలో ముంచి, అడ్డంగా అరచేతి మీద పెట్టుకుంటే కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని పిండకుండా, నొక్కకుండా నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, సందులూ అవే. మారింది ఎత్తు ఒక్కటే. ఎత్తు పెరిగేకొద్దీ పై భాగం నుంచి నీటిని కిందికి లాగే బలం పెరుగుతుంది. ఎంత ఎత్తున్నా అడుగున కొంత మందం మాత్రం తడిసి ముద్దగానే మిగులుతుంది.

కుండీలో ఆ తడి ముద్ద అడుగునే ఉంటుంది. నేలలో అయితే కింద ఇంకా మట్టి ఉంటుంది కాబట్టి అది నీటిని తన వైపు లాక్కుంటుంది. కుండీ అడుగున ఉన్నది రంధ్రం, దాని అవతల గాలి. గాలి నీటిని లాగదు. అందుకే లోతు తక్కువ కుండీలో నేల మట్టిని నింపితే సగం దాకా ఊబిలా ఉంటుంది. కుండీలకు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళ్లు), ముతక ఇసుక కలిపిన మిశ్రమం వాడటం వెనక ఉన్న ఉద్దేశం పెద్ద సందులు పెంచడం.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా జారుతుందన్న మాట ఎంతోకాలంగా వినిపిస్తోంది. స్పాంజి చూపించినదాన్ని బట్టి ఆలోచిస్తే అది నిలబడదు. రాళ్ల పొర వేసినంత మేర మట్టి ఎత్తు తగ్గుతుంది. సన్నని సందుల్లోని నీరు పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగదు కాబట్టి తడి ముద్ద రాళ్ల పైన, అంటే వేర్లకు ఇంకా దగ్గరగా నిలుస్తుంది. రంధ్రంలోంచి మట్టి కారిపోకుండా ఒక పెంకు ముక్క పెట్టడం వేరే సంగతి, దానితో ఇబ్బంది లేదు.

## ఆరుబయట మొక్క రోజుకు ఎంత తాగుతుంది

మొక్క తాగిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల రంధ్రాల నుంచి ఆవిరైపోతుంది. ఎండ, గాలి, పొడితనం పెరిగితే ఆ ఆవిరి కూడా పెరుగుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందాన నీరంటే సరిగ్గా ఒక లీటరు. బాగా ఎండకాసిన రోజున పచ్చని ఆకు పరుచుకున్న చోట 5 మిల్లీమీటర్ల దాకా ఆవిరి కావడం మామూలే. గుబురు 60 సెంటీమీటర్ల వెడల్పున్న మొక్క కప్పే చోటు దాదాపు 0.28 చదరపు మీటర్లు. అంటే ఆ రోజు దానికి కావలసింది సుమారు 1.4 లీటర్లు.

ఇప్పుడు కుండీ వైపు నుంచి చూద్దాం. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీలో మిశ్రమం 21 లీటర్లు పడుతుంది. అందులో మొక్కకు అందే నీరు ఐదో వంతు అనుకుంటే 4 లీటర్లు, అంటే మూడు రోజుల సరుకు. అదే మొక్క 20 సెంటీమీటర్ల కుండీలో ఉంటే మిశ్రమం ఆరు లీటర్లే, అందే నీరు లీటరు పావు. సాయంత్రానికే అయిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఆవిరి సగానికి పడిపోతే ఈ రోజులన్నీ రెట్టింపవుతాయి. “రోజూ ఒక మగ్గు”, “వారానికి రెండుసార్లు” లాంటి సూత్రాలు ఒక ఇంట్లో పనిచేసి పక్కింట్లో మొక్కను చంపేది ఇందువల్లే.

వాన విషయంలో కూడా ఇదే లెక్క మనల్ని మోసపోకుండా కాపాడుతుంది. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఊరంతా తడిసిపోయినట్టుంటుంది. 30 సెంటీమీటర్ల కుండీ మూతిలో పడేది మాత్రం 0.7 లీటర్లు, పై మొక్కకు సగం రోజు వాడకం. గుబురుగా ఉన్న ఆకులు గొడుగులా అడ్డుపడితే అదీ లోపల పడదు. వాన వెలిసిన మర్నాడు వాడిన మొక్కను చూసి ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇక్కడుంది.

ఎండలో కాసేపు వాడి పొద్దుగుంకాక లేచే మొక్క సంగతి వేరు. ఆకు వదిలే వేగాన్ని వేరు అందుకోలేక జరిగే తాత్కాలిక వాలుడు అది. పొద్దున్నే కూడా వాలి ఉంటే అసలు ప్రశ్న మొదలవుతుంది. బాగా ఎండిపోయిన కోకోపీట్ మిశ్రమం ఇంకో మాయ చేస్తుంది. అది కుంచించుకుపోయి అంచున సందు ఇస్తుంది. పోసిన నీరంతా ఆ సందులోంచి జారి కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. చూసేవాళ్లకు కడుపునిండా తాగినట్టే ఉంటుంది, మధ్యలో వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. అలాంటి కుండీ నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చుంటే అడుగు నుంచి తడి నెమ్మదిగా పైకి పాకుతుంది.

మధ్యాహ్నం నీళ్లు పోస్తే ఆకు మీది చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తాయనే భయం చాలామందికి ఉంది. 2010లో హంగేరీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. నున్నటి ఆకుల మీద చుక్కలు మచ్చలు పెట్టలేదు. నూగున్న కొన్ని ఆకుల మీద మాత్రం నూగు చుక్కను ఆకుకు పైన ఎత్తి పట్టుకోవడంతో కాలే అవకాశం కనిపించింది. పొద్దున నీళ్లు పోయడానికి మంచి కారణం వేరే ఉంది. ఎండ ముదిరేలోపు మొక్క సిద్ధంగా ఉంటుంది, తడిసిన ఆకులు పగలు ఆరిపోయి తెగులుకు చోటివ్వవు.

## ప్యాకెట్ మీద మూడు అంకెలు ఏం చెబుతాయి

ఎరువు ప్యాకెట్ మీద 19-19-19 అనో, 18-46-0 అనో, 46-0-0 అనో ఉంటుంది. వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు అవి. మొదటిది ఆకు, కొమ్మ ఎదుగుదలకు. రెండోది మొక్కలో శక్తి మార్పిడికి, వేరుకు. మూడోది నీటి అదుపుకు, కాయ నాణ్యతకు అని క్లుప్తంగా చెబుతారు. నిజానికి మూడూ అన్ని చోట్లా కావాలి.

ఈ అంకెల్లో పాత అలవాటు ఒకటి దాగి ఉంది. నత్రజని అంకె అసలైన నత్రజనిదే. భాస్వరం, పొటాష్ అంకెలు మాత్రం వాటి ఆక్సైడ్ రూపంలో లెక్కగట్టినవి. అసలు భాస్వరం తెలియాలంటే రెండో అంకెను 0.44తో, అసలు పొటాషియం తెలియాలంటే మూడో అంకెను 0.83తో గుణించాలి. ఆ లెక్కన 19-19-19లో నిజంగా ఉన్నది 19 శాతం నత్రజని, 8 శాతం భాస్వరం, 16 శాతం పొటాషియం.

ఇక చిక్కదనం. ఒక గ్రాము 19-19-19ను లీటరు నీటిలో కలిపితే అందులో నత్రజని 190 మిల్లీగ్రాములు. లీటరుకు మిల్లీగ్రాము అంటే పది లక్షల్లో ఒక వంతు, వాడుకలో పీపీఎం. అంటే 190 పీపీఎం. నర్సరీల్లో కుండీ మొక్కలకు తరచూ ఇచ్చే ద్రావణం 100 నుంచి 200 పీపీఎం నత్రజని మధ్యలో ఉంటుంది. అదే ఒక చెంచాడు, అంటే దాదాపు 5 గ్రాములు లీటరులో వేస్తే 950 పీపీఎం. “ఒక చెంచా కలిపా, అంతే” అనే మాట వినడానికి చిన్నదే. బకెట్‌లో కలిపారా, మగ్గులో కలిపారా అన్నదాన్ని బట్టి అది భోజనమో, ఉప్పు దెబ్బో తేలుతుంది.

ఈ మూడే చాలవు. గాలి, నీటి నుంచి వచ్చే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ కలుపుకుంటే మొక్కకు తప్పనిసరి మూలకాలు 17. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ స్ప్రెంగెల్ చెప్పగా యూస్టస్ ఫాన్ లీబిగ్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన కనిష్ఠ నియమం ఇక్కడ గుర్తుంచుకోవలసినది. ఎదుగుదలను నిర్ణయించేది అన్నిటికన్నా తక్కువైన పోషకం. పొట్టి పలకున్న పీపాలో ఎన్ని నీళ్లు పోసినా ఆ పలక ఎత్తు వరకే నిలుస్తాయి. నీడలో ఉన్న మొక్కకు పొట్టి పలక వెలుతురే కావచ్చు. అప్పుడు ఎరువు ఎంత పోసినా మొక్క వాడుకోదు, అది మట్టిలో ఉప్పుగా మిగులుతుంది.

పూత కోసమని 10-52-10 లాంటి భాస్వరం ఎక్కువున్న ఎరువులు అమ్ముతారు. వాటిని మెచ్చుకునేవారి వాదన ఏమిటంటే, పూత దశలో నత్రజని తగ్గిస్తే ఆకులు పిచ్చిగా పెరగడం తగ్గుతుంది. ఆ మాటలో నిజముంది. అయితే అది నత్రజని తగ్గించడం వల్ల వచ్చే ఫలితం. మొక్క శరీరంలో నత్రజని భాస్వరం కన్నా చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది. భాస్వరం మితిమీరితే ఇనుము, జింక్ అందడం కష్టమవుతుంది. నా మొగ్గు భాస్వరం కుమ్మరించని వైపే.

## పసుపు ఆకు ఎక్కడుందో చూస్తే సగం జవాబు

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. తక్కువైనప్పుడు మొక్క ముసలి ఆకుల నుంచి వెనక్కి లాగి లేత చిగుళ్లకు ఇస్తుంది. కాబట్టి ఆకలి ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అంత తేలిగ్గా కదలవు, వాటి కొరత చిగురులో బయటపడుతుంది. కింది ఆకు మొత్తంగా పాలిపోతే నత్రజని మీద, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం మీద అనుమానం వస్తుంది. ఇదే తీరు చిగురులో కనిపిస్తే ఇనుము మీదకు చూపు పోవాలి.

అయితే ఇక్కడే పెద్ద మెలిక ఉంది. కొరత కనిపించిందంటే మట్టిలో లేదని కాదు, మొక్కకు అందలేదని అర్థం. పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) 7 దాటేకొద్దీ మట్టిలో ఎంత ఇనుమున్నా కరగని రూపంలోకి పోతుంది. చాలా మొక్కలకు 6 నుంచి 7 మధ్య హాయిగా ఉంటుంది. కోకోపీట్ లాంటి మట్టిలేని మిశ్రమాల్లో ఇంకాస్త కిందైనా మేలే. సున్నం ఎక్కువున్న నీళ్లు నెలల తరబడి పోస్తూ ఉంటే కుండీ పీహెచ్ నెమ్మదిగా పైకి పాకుతుంది. పచ్చదనం పోయిన చిగురుకు అప్పుడు ఎంత నత్రజని ఇచ్చినా ఉపయోగం ఉండదు.

టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లడం ఇంకో ఉదాహరణ. అది కాల్షియం అందక వచ్చేదే. కానీ కాల్షియం నీటితో పాటే ప్రయాణిస్తుంది కాబట్టి ఒకరోజు ముంచి, మూడు రోజులు ఎండబెట్టే అలవాటు వల్లే ఎక్కువగా వస్తుంది. గుడ్డు పెంకుల పొడి కరిగి అందేసరికి పంట అయిపోతుంది. ఎప్సమ్ సాల్ట్ అయితే మెగ్నీషియం పెంచి కాల్షియంకు పోటీ తెస్తుంది. ఎరువు సమస్యలా కనిపించిన ఈ కుళ్లు చాలాసార్లు నీళ్ల సమస్యగా తేలుతుంది.

## ఎండిన కుండీలో ఉప్పు చిక్కబడటం

రసాయన ఎరువు కరిగితే ఉప్పే. మొక్క, ఎండ కలిసి నీటిని తీసేస్తాయి, వాడని ఉప్పు అక్కడే ఉంటుంది. కుండీలో నీరు సగానికి తగ్గితే మిగిలిన నీటిలో ఉప్పు రెట్టింపు చిక్కబడుతుంది. ఉప్పు వేరు బయట ఎక్కువైతే నీటిని లాగడం వేరుకు కష్టమవుతుంది. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగుకు మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. పూర్తిగా ఎండిన కుండీలో ఎరువు నీళ్లు పోస్తే వేర్లు కాలడం కూడా దీనివల్లే. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీటిలో లవణాలు మామూలు నీటికన్నా ఎక్కువ ఉంటాయి. కుండీలకు అదొక్కటే పోస్తూ పోతే ఇదే దారి పడుతుంది.

ఇక్కడ పెంపకందారుల్లో రెండు పద్ధతులున్నాయి. కొందరు వారానికో పదిరోజులకో ఒకసారి కాస్త చిక్కగా ఇస్తారు, మధ్యలో మామూలు నీళ్లు. గుర్తుపెట్టుకోవడం తేలిక, మధ్యలో పోసే నీళ్లు మిగులు ఉప్పును కడుగుతాయి. కొందరు నీళ్లు పోసిన ప్రతిసారీ బాగా పలచగా ఇస్తారు. మొక్కకు హెచ్చుతగ్గులు ఉండవు, కానీ అడుగు నుంచి కొంత నీరు పోనివ్వకపోతే ఉప్పు పేరుకుంటుంది. పోసిన దానిలో పదో వంతో, ఐదో వంతో కిందికి పోనివ్వడం ఇందుకే. దాన్ని వృథా అనేవారి మాటలో కూడా న్యాయం ఉంది. నైట్రేట్ రూపంలోని నత్రజని మట్టి రేణువులకు అంటుకోదు, కారిన నీటితోపాటే పోయి చివరికి భూగర్భ జలాల్లో కలుస్తుంది. పలచగా కలిపితే కారేది కూడా పలచనే అవుతుంది. మొదలుపెట్టేవారి తప్పును ఎక్కువగా క్షమించేది ఈ పలచని దారే.

## సేంద్రియమా, రసాయనమా

వేరు నత్రజనిని ప్రధానంగా నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే తీసుకుంటుంది. అవి వర్మీకంపోస్ట్ నుంచి వచ్చాయా, యూరియా నుంచి వచ్చాయా అన్నది దానికి తెలియదు. తేడా వేగంలోనూ, మట్టిలోనూ ఉంది. వర్మీకంపోస్ట్‌లో నత్రజని ఒకటిన్నర శాతం అనుకుంటే 100 గ్రాముల్లో ఒకటిన్నర గ్రాములు. 8 గ్రాముల 19-19-19లో ఉన్నంత. అయితే 19-19-19లోది ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే అందుతుంది. కంపోస్ట్‌లోది సూక్ష్మజీవులు తింటూ వదిలితే నెలల మీద అందుతుంది, అదీ కొంతే. చలిలో ఆ పని మందగిస్తుంది.

సేంద్రియం వైపు వాదించేవారు ఆ నిదానాన్నే బలంగా చూస్తారు. మోతాదు తప్పినా మొక్క మాడే ప్రమాదం తక్కువ, మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులు బతుకుతాయి. రసాయనం వైపువారు చిన్న కుండీలో అంత జీవవ్యవస్థ నిలవదని, ఆకలి మీదున్న మొక్కకు కొలిచి ఇవ్వగలగడం ముఖ్యమని అంటారు. కుండీల విషయంలో ఇంకో సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది. సేంద్రియ పదార్థం కుళ్లేకొద్దీ మిశ్రమం కుంగి పెద్ద సందులు మూసుకుపోతాయి. ఏడాదికి కుండీలో మట్టి నాలుగు వేళ్లు దిగిందంటే వేరుకు గాలి కూడా ఆ మేరకు తగ్గిందన్నమాట. రెండూ కలిపి వాడేవారు చాలామంది. మిశ్రమంలో కంపోస్ట్, పూత నుంచి పలచని ద్రావణం.

## అదే వాలిన ఆకు, రెండు కుండీలు

మొదట్లో చూసిన మొక్క దగ్గరికి మళ్లీ వెళ్దాం. పక్కపక్కనే రెండు కుండీలు. రెండింట్లోనూ ఆకులు వాలాయి, కింది ఆకులు పాలిపోయాయి. రెండు చేతులతో అంచు పట్టుకుని ఎత్తితే ఒకటి బొంగులా తేలిగ్గా లేచింది. వేలు లోపలికి దూర్చితే రెండో కణుపు దాకా పొడి. రాత్రి నీళ్లలో కూర్చోబెడితే పొద్దున్నకి ఆకులు నిలబడ్డాయి. తేరుకున్న రెండు రోజులకు సగం పాళ్ల ద్రావణం తాగింది.

రెండోది ఎత్తబోతే నేలకు అతుక్కున్నట్టు బరువు. పైన పొడి, వేలి కొసకు చల్లటి తడి, రంధ్రం దగ్గర పాచి. ఈ కుండీకి ఆకలీ లేదు, దాహమూ లేదు. కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి, మూసుకుపోయిన రంధ్రాన్ని పుల్లతో తెరిచి, నాలుగు రోజులు మగ్గు దూరం పెడితే వేరు చివర తెల్లటి కొత్త మొనలు కనిపించడం మొదలైంది.